బంతికి పెట్టే బొట్టు

ఇది రైల్లో కూర్చుని రాస్తున్నాను. కన్యాకుమారి నుంచి దిబ్రూగఢ్ వెళ్లే వివేక్ ఎక్స్‌ప్రెస్. నాలుగు వేల కిలోమీటర్ల పైచిలుకు నడిచే రైలు. మేం విశాఖలో ఎక్కాం. న్యూ తిన్‌సుకియాలో దిగి, అక్కణ్ణుంచి దిగ్బోయ్ వెళ్లాలి. 1901లో కట్టిన చమురు శుద్ధి కర్మాగారం ఇంకా నడుస్తున్న ఊరది. అక్కడి గోల్ఫ్ మైదానంలో సర్వో మాస్టర్స్ అనే టోర్నమెంట్ ఏళ్లుగా జరుగుతోంది. ఈసారి అందులో మా ఆయన ఆడబోతున్నాడు.

మా ఆయన నాకు సొంత మేనత్త కొడుకు. చిన్నప్పటి నుంచీ బావా అనే పిలుపు. పెళ్లయి రెండేళ్లయినా అదే నోటికి వస్తుంది, అందుకని ఇక్కడా బావ అనే రాస్తాను. బావ పై బెర్త్ మీద పడుకున్నాడు. గోల్ఫ్ బ్యాగు సీటు కిందికి పట్టదు. కిటికీ పక్కన నిలబెట్టి, నా చున్నీతో కడ్డీకి కట్టాను. ఎక్కినప్పటి నుంచీ ముగ్గురు అడిగారు, క్రికెట్ కిట్టా అని. కాదు, గోల్ఫ్ అన్నాను. ఒక పెద్దాయన, "అది ఆఫీసర్లు ఆడే ఆట కదమ్మా?" అన్నారు.

ఆ మాట చాలాసార్లు విన్నాను. మా ఇంట్లో మాత్రం ఆ ఆట ఆఫీసర్లది కాదు. మా మామయ్య విశాఖలో గోల్ఫ్ క్లబ్బులో గడ్డి కోసే పని చేస్తారు. ముప్పై ఏళ్లుగా తెల్లారకముందే లేచి, గ్రీన్ల మీద మిషన్ తోస్తారు. గ్రీన్ అంటే జెండా, చిన్న గుంట ఉండే చోటు. అక్కడ గడ్డి కొన్ని మిల్లీమీటర్ల ఎత్తుకు మించి ఉండకూడదు. బావ పదేళ్ల వయసులో స్కూలు అయ్యాక వాళ్ల నాన్న దగ్గరికి వెళ్లేవాడు. పొదల్లో పోయిన బంతులు వెతికి ఇస్తే రూపాయో రెండో వచ్చేవి. తర్వాత బ్యాగులు మోశాడు. ఒక రిటైర్డ్ నేవీ ఆఫీసర్ గారు పాత సెవెన్ ఐరన్ కర్ర ఒకటి ఇచ్చారు. ఆ ఒక్క కర్రతోనే రెండేళ్లు ఆడాడు. ఇప్పటికీ అది అత్త బీరువా వెనక ఉంది.

మామయ్య దగ్గర ఒక పేపర్ కటింగ్ ఉంది, ప్లాస్టిక్ కవర్లో పెట్టి దాచుకున్నారు. 2008లో గోల్ఫ్ ఆటగాడు ఎస్.ఎస్.పి. చౌరాసియా ఢిల్లీలో ఇండియన్ మాస్టర్స్ గెలిచినప్పటిది. చౌరాసియా వాళ్ల నాన్న రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్బులో మైదానం చూసుకునే పని చేసేవారు. ఆ తర్వాత చౌరాసియా 2016లో, 2017లో వరసగా ఇండియన్ ఓపెన్ కూడా గెలిచాడు. మామయ్యకి ఇంగ్లీషు చదవడం రాదు. కానీ ఆ కటింగ్‌లో ఏ లైనులో 'గ్రీన్‌కీపర్' అన్న మాట ఉందో వేలు పెట్టి చూపిస్తారు.

ఇక ఈ టూర్ గురించి చెప్పాలి, అంటే ఏడాది పొడవునా ఊరూరా జరిగే టోర్నమెంట్ల వరస. ఎవరికి చెప్పినా మొదట అడిగేది, జీతం ఎంత అని. జీతం లేదు. మన దేశంలో ప్రొఫెషనల్ గోల్ఫ్ టూర్ నడిపేది పీజీటీఐ (ప్రొఫెషనల్ గోల్ఫ్ టూర్ ఆఫ్ ఇండియా), 2006లో మొదలైంది. అందులో ఆడాలంటే ముందు క్వాలిఫయింగ్ స్కూల్ గట్టెక్కాలి. పేరు స్కూలే కానీ అక్కడ పాఠాలుండవు. వరసగా రోజుల తరబడి ఆడాలి, ముందు వరసలో ఉన్నవాళ్లకి ఆ ఏడాదికి కార్డు వస్తుంది. అలా కార్డుతో కొత్తగా వచ్చినవాణ్ణి రూకీ అంటారు. బావకి ఇది రూకీ సంవత్సరం.

కార్డు వచ్చినంత మాత్రాన డబ్బు రాదు. టోర్నమెంట్ నాలుగు రోజులు. రెండు రోజులు అందరూ ఆడతారు. రెండో రోజు సాయంత్రం కట్ పడుతుంది. మొదటి యాభై స్థానాల వాళ్లు, యాభయ్యో స్థానంలో సమంగా ఉన్నవాళ్లు మిగులుతారు. మిగతావాళ్లు ఆ రాత్రే బ్యాగు సర్దుకోవాలి. కట్ దాటకపోతే పైసా రాదు. రైలు, లాడ్జి, ఎంట్రీ ఫీజు, బ్యాగు మోసే కేడీకిచ్చేది, తిండి, అన్నీ మన చేతి నుంచే. కోటి రూపాయల టోర్నమెంట్‌లో గెలిచినవాడికి పదిహేను లక్షలు వస్తాయి. పేపర్లో వచ్చేది ఆ అంకె. కట్ దాటి అడుగున నిలిచినవాడికి వచ్చేది ఆ వారం ఖర్చులు పోను మిగిలితే మిగిలినట్టు.

క్వాలిఫయింగ్ స్కూల్‌కి వెళ్లడానికి నా మూడు తులాల గొలుసు బ్యాంకులో పెట్టాం. అమ్మకి చెప్పలేదు. మెడలో నల్లపూసలు ఉన్నాయి కదా, గొలుసు కనపడకపోయినా ఎవరూ అడగరనుకున్నాను. నాన్న అడిగారు. చెప్పాను. నాన్న ఒక్క మాట అనలేదు. మర్నాడు పొద్దున ఏడింటికి మా ఇంటికొచ్చి, బావతో పాటు క్లబ్బుకి వెళ్లి, గంటసేపు అతను బంతులు కొట్టడం చూసి వచ్చారు. "చాలా దూరం పోతోందమ్మా" అని మాత్రం అన్నారు.

నేను మెడికల్ కోడింగ్ చేస్తాను, ఇంటి నుంచి పని. అందుకే బావతో తిరగడం కుదురుతోంది. అయినా అన్ని వారాలూ వెళ్లను. ఆటగాళ్లు ఇద్దరు ముగ్గురు కలిసి ఒక రూమ్ తీసుకుంటారు, ఖర్చు పంచుకుంటారు. నేను వెళ్తే రూమ్ మొత్తం మేమే కట్టాలి. కాబట్టి మూడు వారాల్లో ఒక వారం వెళ్తాను. రాత్రి షిఫ్ట్ చేసి, పొద్దున మైదానానికి వెళ్లి, మధ్యాహ్నం పడుకుంటాను. మా వెంట ఒక చిన్న ఎలక్ట్రిక్ కుక్కర్, కందిపొడి, గోంగూర పచ్చడి, పల్లీ చిక్కీ ఎప్పుడూ ఉంటాయి. చిక్కీ ఆట మధ్యలోకి. రోజుకు పద్దెనిమిది గుంటలు ఆడాలి, వాటినే హోల్స్ అంటారు. తొమ్మిది హోల్స్ అయ్యాక ఒంట్లో సత్తువ తగ్గుతుందట, అప్పుడు రెండు ముక్కలు, ఒక అరటిపండు.

అమెరికాలో పీజీఏ టూర్ ఆటగాళ్ల భార్యలకి 1988 నుంచీ ఒక సంఘం ఉంది. అది చదివినప్పుడు నాకు చాలా ముచ్చటేసింది. ఇక్కడ నేను వెళ్లిన వారాల్లో నాలాగా వెంట వచ్చిన భార్య ఇంకొకరు కనిపిస్తే అదే ఎక్కువ. ఒకసారి పంజాబ్ నుంచి వచ్చిన ఒకావిడ పరిచయమైంది. నాకు హిందీ అంతంతమాత్రం, ఆవిడకి తెలుగు రాదు. అయినా రెండు రోజులు కలిసి నడిచాం. మా ఇద్దరి మధ్యా ఎక్కువ నడిచిన మాట 'కట్'. ఆవిడ వేళ్లతో చూపించేది, ఇంకా రెండు, ఇంకా ఒకటి అని.

బావ చేతుల గురించి చెప్పాలి. కుడిచేతి ఆటగాళ్లు ఎడమ చేతికే గ్లవ్ వేసుకుంటారు. రోజుకు ఆరేడు గంటలు ఎండలో ఉంటారు. అందుకే బావ ఎడమ చెయ్యి మణికట్టు దాకా తెల్లగా ఉంటుంది, కుడి చెయ్యి నల్లగా. రెండూ కలిపి దణ్ణం పెడితే ఇద్దరు మనుషులవి అన్నట్టు ఉంటాయి. మొదట్లో నేను అది చూసి భయపడ్డాను, చర్మానికి ఏమైనా అయిందేమో అని. ఇప్పుడు లాడ్జిలో రాత్రి పూట కొబ్బరినూనె రాసేటప్పుడు ఆ తెల్ల చేతికే ఎక్కువ రాస్తాను. వేళ్ల మొదళ్లలో కాయలు కట్టి ఉంటాయి. అవి పగిలితే మర్నాడు పట్టు సరిగా దొరకదు.

ఇంకో పని కూడా నాదే. బంతులకి గుర్తు పెట్టడం.

ఆటగాళ్లందరూ దాదాపు అవే కంపెనీల బంతులు వాడతారు. పక్కవాడి బంతిని తనదనుకుని కొడితే రెండు దెబ్బల శిక్ష పడుతుంది. అందుకని ఎవరికి వారు మార్కర్‌తో గుర్తు పెట్టుకుంటారు. కొందరు గీతలు, కొందరు పేరులో మొదటి అక్షరం. బావ మొదట్లో నీలం చుక్క పెట్టేవాడు. పెళ్లయిన కొత్తలో ఒక రాత్రి నేను ఎర్ర మార్కర్ తీసుకుని, కంపెనీ పేరుకి సరిగ్గా పైన, గుండ్రంగా ఒక బొట్టు పెట్టాను. దాని కింద చిన్నది ఇంకొకటి, అమ్మవారికి పెట్టినట్టు. బావ బంతిని అటూ ఇటూ తిప్పి చూసి, "దూరం నుంచి కూడా కనబడుతుంది" అన్నాడు. అప్పటి నుంచీ అదే. టోర్నమెంట్ ముందు రోజు రాత్రి తొమ్మిది బంతులకి బొట్లు పెడతాను. మార్కర్ మొన చదునైపోతే బొట్టు పగిలినట్టు వస్తుంది, అందుకని కొత్త మార్కర్ కొంటాను. పెట్టాక చేతికి అంటకుండా ఆరాలి. లాడ్జి బల్ల మీద సబ్బుపెట్టె మూతలో వరసగా పేర్చి, ఫ్యాన్ కింద పెడతాను.

అత్తకి ఇవన్నీ తెలియవు. ఆవిడ ఫోన్‌లో స్కోర్లు చూస్తుంది. పార్ అంటే ఒక్కో హోల్‌కి ఇన్ని దెబ్బలని ముందే పెట్టిన లెక్క. దానికంటే తక్కువ దెబ్బల్లో ఆడితే అంకె ఎర్రగా కనిపిస్తుంది. మామూలుగా ఎరుపంటే ఫెయిలు కదా, ఇక్కడ ఎరుపు మంచిది. మొదటి టోర్నమెంట్ రోజు అత్త ఎర్ర అంకె చూసి కంగారుపడి ఫోన్ చేసింది. విషయం చెప్పాక, ఇప్పుడు రోజూ అడుగుతుంది, "ఎర్రగా ఉందా?"

నా అసలు బాధ వేరే. మైదానంలో నేను మాట్లాడకూడదు.

గోల్ఫ్‌లో ఆటగాడికి సలహా ఇవ్వగలిగేది అతని కేడీ ఒక్కడే. ఏ కర్రతో కొట్టాలి, ఎటు తిప్పాలి, ఎలా పట్టుకోవాలి అని బావ నన్ను అడిగినా, శిక్ష పడేది బావకే. బంతి ఎక్కడ పడిందో చెప్పొచ్చు, వెతికిపెట్టొచ్చు, అది సలహా కిందికి రాదు. ఎలా ఆడాలన్నది మాత్రం చెప్పకూడదు. నాకేం తెలుసని చెప్తాను అనుకోవచ్చు. కానీ రెండేళ్లుగా ఇతని దెబ్బలు చూస్తున్నాను. కోపంలో ఉన్నప్పుడు బంతి ముందు నిలబడే టైము తగ్గుతుంది. మామూలుగా రెండుసార్లు ఊపిరి తీసి కొట్టేవాడు, ఒక్క ఊపిరికే కొట్టేస్తాడు. యాభై గజాల దూరంలో నిలబడి నాకది కనిపిస్తుంది. ఆగు బావా అని గొంతు దాకా వస్తుంది.

"నువ్వే బ్యాగు మోయొచ్చుగా, అప్పుడు మాట్లాడొచ్చు, కేడీ డబ్బులు కూడా మిగులుతాయి" అని ఒక స్నేహితురాలు అంది. నిజమే అనిపించి కోల్‌కతాలో ఒక వారం ప్రయత్నించాం. పద్నాలుగు కర్రలు, గొడుగు, నీళ్లు, బంతులు, అంతా కలిపి పదిహేను కిలోల పైనే. బరువు నేను మోయగలిగాను, మా ఊళ్లో నీళ్ల బిందెలు మోసిన భుజాలే. కానీ వేరే సంగతి తేలింది. అంతవరకూ మాట్లాడకూడదు కాబట్టి మాట్లాడాలని ఉండేది. ఇప్పుడు మాట్లాడొచ్చు, ఏం చెప్పాలో తెలియదు. "గాలి ఎటు?" అని బావ అడిగితే నాకు గాలి తెలియడం లేదు, అతని మొహమే కనిపిస్తోంది. అతను కూడా నా మొహమే చూస్తున్నాడు. ఒక దెబ్బ తప్పితే ముందు నావైపు చూస్తున్నాడు, నేనేమనుకున్నానో అని. రెండో రోజు పద్నాలుగో హోల్‌కి వచ్చేసరికి ఇద్దరం ఒకరికొకరం బరువైపోయాం. కట్ నాలుగు దెబ్బలతో పోయింది. ఆ తర్వాత మళ్లీ బ్యాగు పట్టుకోలేదు. ఏ ఊళ్లో ఆడితే ఆ ఊరి కేడీనే పెట్టుకుంటాడు, వాళ్లకి ఆ గ్రీన్లు కొట్టినపిండి. నేను చూసేవాళ్లకి కట్టిన తాడు బయటే నడుస్తాను.

ఇంకొక తప్పు కూడా నేను చేశాను, ఇంతకంటే పెద్దది. మొట్టమొదటి టోర్నమెంట్‌లో కట్ తప్పిన సాయంత్రం, ఆటోలో, "ఆ పదకొండో దాంట్లో నీళ్ల మీదుగా ఎందుకు కొట్టావు? పక్క నుంచి పోవచ్చు కదా" అన్నాను. అడిగానంతే, దెప్పాలని కాదు. బావ లాడ్జి దాకా మాట్లాడలేదు. అన్నం తిన్నాడు, ప్లేటు కడిగాడు, పడుకున్నాడు. మర్నాడు రైల్లో కూడా అవసరమైనంత వరకే.

ఇంటికొచ్చాక మామయ్య ఏం మాట్లాడతారో గమనించాను. ఆయన స్కోరు అడగలేదు. కట్ సంగతి ఎత్తలేదు. మిషన్ బ్లేడు ఆకురాయితో రుద్దుతూ, తల ఎత్తకుండానే, "గ్రీన్లు ఎలాగున్నాయిరా?" అన్నారు. బావ మొదలుపెట్టాడు. పొద్దున తడిగా ఉండి బంతి మెల్లగా పోయిందని, మధ్యాహ్నానికి గట్టిపడి జారిపోయిందని, ఒక గ్రీన్ మీద గడ్డి పడుకున్న దిక్కు తనకి అర్థం కాలేదని. అరగంట చెప్పాడు. నీళ్ల మీదుగా ఎందుకు కొట్టాడో కూడా ఆ మాటల్లోనే వచ్చింది. పక్క నుంచి పోతే తర్వాతి దెబ్బ ఏటవాలు మీద నుంచి కొట్టాలట, ఆ రోజు ఏటవాలు మీద పాదం నిలవడం లేదట, బూటు మేకులు అరిగాయట. కొత్తవి కొనడానికి డబ్బు ఖర్చవుతుందని నాకు చెప్పలేదు.

ఆ రాత్రి నేను చాలాసేపు ఏడ్చాను. మర్నాడు బూట్లు కొన్నాం.

అప్పటి నుంచీ రెండో రోజు సాయంత్రం నేను అడిగేది ఒకటే. "ఏం తింటావ్ బావా?" ఆ తర్వాత తిండి మధ్యలో ఎప్పుడో, గ్రీన్ల గురించి. మామయ్యకి వచ్చినట్టు నాకు రాదు. ఆయన ఆ గడ్డిని ముప్పై ఏళ్లు చేత్తో తడిమి చూసిన మనిషి, ఆయన అడిగితే ఆ ప్రశ్నకి బరువుంటుంది. నేను నేర్చుకుంటున్నాను.

హైదరాబాద్ సంగతి రాయకపోతే ఈ పోస్ట్ పూర్తి కాదు. గోల్కొండ మాస్టర్స్. గోల్కొండ కోటని ఆనుకుని నయా ఖిల్లా ఉంది, ఆ పాత గోడల మధ్యలోనే మైదానం. లోపల ఒక పెద్ద ఆఫ్రికా చెట్టు ఉంది, హతియాన్ చెట్టంటారు. నాలుగు వందల ఏళ్ల పైనాటిదట. మొదలు ఏనుగు కాళ్లలా ముడతలు పడి ఉంటుంది. పిల్లలు దాని తొర్రలోకి ఎక్కేవారట ఒకప్పుడు. ఆ వారం మెహదీపట్నం నుంచి మా పిన్ని, బాబాయ్, ఇద్దరు పిల్లలు వచ్చారు. మన ఊరి టోర్నమెంట్ అని బావకి కూడా ఉత్సాహంగానే ఉంది. మొదటి రోజు పార్ కంటే రెండు ఎక్కువ. రెండో రోజు పద్నాలుగు హోల్స్ అయ్యేసరికి ఆ రెండూ తీర్చేశాడు. కట్ పార్ కంటే ఒకటి ఎక్కువ దగ్గర పడేలా ఉంది. అంటే చేతిలో ఒక దెబ్బ మిగులు. నాలుగు హోల్స్ జాగ్రత్తగా ఆడితే చాలు.

అప్పుడు బావ ఒక్క ఊపిరికే కొట్టాడు.

బంతి కుడివైపు వెళ్లి రాళ్ల మీద టక్కుమంది. రెండోసారి చప్పుడు రాలేదు. అంటే గడ్డిలోకో, రాళ్ల సందులోకో. నేను అటువైపే ఉన్నాను. పడింది ఏ రాయి దగ్గరో నాకు తెలుసు, దాని మీద సున్నం మరక ఉంది. 2019లో నిబంధన మార్చారు, ఇదివరకు వెతకడానికి ఐదు నిమిషాలుండేది, ఇప్పుడు మూడే. మూడు నిమిషాల్లో దొరక్కపోతే ఆ బంతి పోయినట్టే, ఒక దెబ్బ శిక్షతో, ముందు కొట్టిన చోటి నుంచే మళ్లీ కొట్టాలి. నేను పరుగెత్తాను. చీర కాదు అదృష్టం, చుడీదార్. పిన్ని వెనక నుంచి, "ఏమైందే అమ్మాయీ?" అని అరుస్తోంది. సున్నం మరక రాయి దొరికింది. దాని కింద ఒక పగులు, లోపల చీకటి. మోకాళ్ల మీద కూర్చుని ఫోన్ లైటు వేశాను. లోపల తెల్లగా ఏదో ఉంది. బంతే. అటువైపు తిరిగి ఉంది, గుర్తు కనిపించడం లేదు. నేను దాన్ని ముట్టుకోకూడదు. బావ, కేడీ పరుగెత్తుకొచ్చారు. బావ నేల మీద చెంప ఆనించి చూశాడు. ఎర్రగా, సగం బొట్టు కనిపించింది.

"నాదే" అన్నాడు.

అప్పుడు బావ లేచి, ఆ రాయినీ, పగులునీ, జెండానీ మార్చి మార్చి చూశాడు. కర్ర పెట్టడానికి చోటుందా లేదా. నాకు ఉన్నట్టే అనిపించింది. ఒక్క అడుగు వెనక్కి తట్టినా చాలు, దెబ్బ శిక్ష లేకుండా బయటపడొచ్చు. నా నోట్లో మాట ఉంది. నోరు గట్టిగా మూసుకుని హతియాన్ చెట్టు వైపు చూస్తూ నిలబడ్డాను. బావ అక్కణ్ణుంచి ఆ బంతిని ఆడలేనని చెప్పి, ఒక దెబ్బ శిక్ష తీసుకుని, రెండు కర్రల పొడవు పక్కకి బంతిని వదిలాడు. ఆ హోల్‌లో మొత్తం రెండు ఎక్కువయ్యాయి. తర్వాతి రెండూ పార్. చివరి గ్రీన్ మీద ఆరడుగుల పట్, అంటే బంతిని గుంటలోకి దొర్లించే దెబ్బ. పడితే కట్ లోపల. బంతి గుంట అంచు దాకా వచ్చి, అంచు చుట్టూ తిరిగి, ఇటువైపే ఆగింది. పిల్లలు చప్పట్లు కొట్టారు, చాలా దగ్గరికి వచ్చింది కదా అని.

ఒక్క దెబ్బ.

స్కోర్ కార్డు మీద సంతకం పెట్టి బావ బయటికి వచ్చేసరికి పిన్ని పులిహోర డబ్బా తెరిచి కూర్చుంది. బావ పిల్లలిద్దరికీ చెరో బంతి ఇచ్చాడు. కారులో ఎవరూ ఏం అడగలేదు. ఆ రాత్రి పిన్ని వాళ్ల డాబా మీద పడుకున్నాం. చాలాసేపటికి బావే అన్నాడు, "ఆ పగులులోంచి కొడితే మణికట్టు రాయికి తగిలేదే. ఈ ఏడాది ఇంకా ఐదు టోర్నమెంట్లున్నాయి." నాకు ఆ మణికట్టు తట్టనే లేదు. నేను బంతినే చూశాను. ఆ తెల్ల చెయ్యి పట్టుకుని పడుకున్నాను.

హైదరాబాద్ తర్వాత రెండు వారాలు నేను వెళ్లలేదు. ఆ రెండు టోర్నమెంట్లలోనూ కట్ దాటాడు. ఒకదాంట్లో పంతొమ్మిదో స్థానం, ఈ ఏడాదిలో అదే అన్నిటికన్నా మంచిది. ఆ డబ్బుతో గొలుసు విడిపిద్దామన్నాడు. వడ్డీ కట్టి, మిగతాది ఈ ప్రయాణానికి ఉంచమన్నాను. ఆర్డర్ ఆఫ్ మెరిట్ అని ఏడాది మొత్తం సంపాదన లెక్క ఒకటి ఉంటుంది. అందులో మొదటి అరవై మందికి వచ్చే ఏడాది కార్డు నిలుస్తుంది. మిగతావాళ్లు మళ్లీ క్వాలిఫయింగ్ స్కూల్‌కి పోవాలి. బావ ఇప్పుడు అరవై ఏడో స్థానంలో ఉన్నాడు. ఏడాది చివర జంషెడ్‌పూర్‌లో టూర్ ఛాంపియన్‌షిప్ జరుగుతుంది. అక్కడ బెల్డీ, గోల్మురి అని రెండు మైదానాలు, రెండిట్లోనూ ఆడాలి. ఆ టోర్నమెంట్‌కి ముందు వరసలో ఉన్నవాళ్లనే పిలుస్తారు. ఆ పేరు మా ఇంట్లో ఎవరూ పైకి అనరు. మామయ్య మాత్రం జంషెడ్‌పూర్ స్టేషనైన టాటానగర్‌కి విశాఖ నుంచి ఏ రైళ్లున్నాయో క్లబ్బులో ఎవరినో అడిగి, కాగితం మీద రాయించుకుని, చౌరాసియా కటింగ్ ఉన్న కవర్లోనే పెట్టుకున్నారు. నాకు అత్త చెప్పింది.

దిగ్బోయ్‌లో ఆడినవాళ్లు చెప్పేది, అక్కడ నేల ఎగుడుదిగుడుగా ఉంటుందని, తెల్లవారి తేమ ఎక్కువని, చుట్టుపక్కల అడవుల్లో ఏనుగులుంటాయని. తేమ అంటే పొద్దున గ్రీన్లు మెల్లగా ఉంటాయి. బూట్ల మేకులు చూశాను, బాగానే ఉన్నాయి. తువ్వాళ్లు మామూలుగా రెండు తెచ్చేదాన్ని, ఈసారి నాలుగు తెచ్చాను.

బావ లేచాడు, టీ కావాలంటున్నాడు. గువాహటి దాటాక నెట్ ఎలా ఉంటుందో, ఇది ఇప్పుడే పెట్టేస్తున్నా. మూడు బంతులకి బొట్లు పెట్టాను. రైలు కుదుపుకి ఒకటి పక్కకి జరిగింది, దాన్ని ప్రాక్టీసుకి వేరుగా పెట్టాను. మిగతావి రూమ్‌కి వెళ్లాక, బల్ల మీద.